తిమ్మప్పకు వచ్చిన రంజాన్ సెలవు

నీటి సరఫరా కేంద్రంలో మధ్యాహ్నం నఫీసా పెరుగన్నం తింటుంటే, పక్క కుర్చీలో తిమ్మప్ప తన మణికట్టుకున్న నిష్ఠాపట్టీని చూసుకున్నాడు. అది పచ్చగా వెలుగుతోంది. ఆమెది వెలగడం లేదు. ఆకలి మాట ఎలా ఉన్నా, అతనికి లోపల హాయిగా ఉంది.

కర్నూలులో అందరికీ ఒకేసారి సెలవిచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. రంజాన్‌తో సహా అన్ని పండుగలనూ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. కానీ నీది ఏ మతమని ఎవరినీ అడగకూడదని చట్టం. అందుకే ఈ పట్టీ వచ్చింది. ఒంట్లోని ఉపవాసాన్ని కొలిచి అదే సెలవు మంజూరు చేస్తుంది. పంపుల దగ్గర ఎవరో ఒకరు ఉండి తీరాలి కనుక అక్కడ పనిచేసే ఇద్దరిలో నిష్ఠ ఎక్కువున్నవారికే సెలవు.

నిరుడు శివరాత్రినాడు టీకి ఆశపడి తిమ్మప్ప సెలవు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత రంజాన్‌కు నఫీసా పట్టీ ఆమెకు సెలవిచ్చి, గదంతా వినబడేలా ఈద్ శుభాకాంక్షలు చెప్పింది. అప్పటినుంచి అతనికి ఒకటే కుళ్ళు. తనకు దక్కనిది ఆమెకెందుకు దక్కాలి? చక్కెర జబ్బని డాక్టరు ఆమెను ఈ ఏడు ఉపవాసం వద్దన్నాడని తెలియగానే, తాను మొదలుపెట్టాడు.

ఆమెకు అనుమానమే రాలేదు. "మా పండగకు నువ్వుగూడ రోజా ఉండావంటే మా ఇంట్లో అందరికీ సంతోషమన్నా" అంటూ సాయంత్రాలు అతని ముందు ఖర్జూరాలు పెట్టేది. తాను ఉండలేని ప్రతి రోజా ఉపవాసానికి బదులు వీధిలో ఒక ముసలమ్మకు అన్నం పెడుతోంది. జబ్బుమనిషికి వాళ్ల ధర్మం చూపిన దారి అది. ఒకరి కడుపు నింపడాన్ని కొలవడం పట్టీకి ఎవరూ నేర్పలేదు. ఇదంతా విన్న తిమ్మప్ప ఖర్జూరం నమిలాడు గానీ నిజం చెప్పలేదు.

నెలవంక కనబడిన సాయంత్రం సెలవు అతనికే వచ్చింది.

"నాకు రాలేదే" అని నఫీసా పట్టీని తిప్పి తిప్పి చూసుకుంది. "పోనీలే. నీకన్నా వచ్చెగదన్నా."

మర్నాడు తిమ్మప్ప కిటికీ దగ్గర కూర్చున్నాడు. వండుకోవడానికి పండుగ వంట తెలియదు, ఇంటికి వచ్చేవాళ్లు లేరు. కొత్త బట్టలవాళ్లు ఒకరినొకరు కావలించుకుంటూ ఈద్గాకు పోతుంటే మళ్లీ కుళ్ళు పుట్టింది. వాళ్ల వెనకే నఫీసా భర్త ఇద్దరు పిల్లలతో నడిచాడు. చిన్నపిల్ల జడ వంకరగా ఉంది, తండ్రే వేసినట్టున్నాడు. తిమ్మప్ప ఇక కూర్చోలేక ఆఫీసుకు పరుగెత్తాడు.

"ఈరోజు మీ పండుగ. లోపలికి అనుమతి లేదు" అంది తలుపు.

అద్దం అవతల నఫీసా గోరింటాకు చేతులతో పంపులు చూస్తోంది. అతన్ని చూసి మైకు నొక్కింది.

"ఏమన్నా, నమాజుకు పోలేదా?"

"నువ్వు ఇంటికి పోమ్మా. నేను కూర్చుంటా." పట్టీ విప్పబోయాడు. అది రాలేదు.

"మార్చేకి కుదరదు గదన్నా. బిర్న పో, నమాజుకు టైమైతాంది."

"నాకు నమాజు రాదు నఫీసా. నిన్ను చూసి ఓర్వలేక పస్తుంటి."

 ఆమె మైకు ఆపి, కుర్చీ పంపుల వైపు తిప్పుకుంది.