ఇన్నయ్య లైబ్రరీలో పేజీల చప్పుడు

మాచవరం నుంచి పిడుగురాళ్ల పోయే దారిలో, ఒక ఊరి చివర మూతపడ్డ లైబ్రరీ ఉంది. దీపాలు పెట్టాక అటు ఎవరూ పోరు. లైబ్రేరియన్ ఇన్నయ్య చదువుతూ చదువుతూ బల్ల మీద తల వాల్చి అట్లాగే పోయాడట. అప్పట్నుంచీ చీకటి పడితే చాలు, లోపల పేజీలు తిరిగే చప్పుడు... బతికున్నవాళ్లే పుస్తకం ముట్టని కాలంలో దెయ్యానికెందుకమ్మా చదువు అని నవ్వేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా పగలే నవ్వేవాళ్లు.

ఆ దారిలో ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందని పెద్దల మాట.

శాంతికి ఇవన్నీ తెలుసు. అయినా ఆ సాయంత్రం అటే నడిచింది.

ఆమె మొగుడు ప్రభుదాసు మిరపచేను బొబ్బర తెగులుకు ముడుచుకుపోయింది. అప్పట్నుంచి అతనికి మాట తగ్గింది, ఫోను పెరిగింది. ఆ ఫోను ఒక ఎండిన చేను చూపిస్తే, వెంటనే అలాంటివే పది చూపించేది. ఆ వెనకే పురుగుమందు తాగిన రైతుల వార్తలు. ఏడ్చేవాడి ఇంటికి ఏడుపే మోసుకొచ్చే చుట్టం అది.

కొన్నాళ్లుగా ఆ ఫోను కూడా మంచం మీదే పడేసి, పొద్దుగూకగానే ఎటో పోతున్నాడు.

"లైబ్రరీ కిటికీ దూకుతుంటే చూశానే. ఇన్నయ్య గాలి సోకింది. ప్రార్థన చేయించు" అంది పక్కింటి రాజమ్మత్త.

దెయ్యం సంగతి ఎట్లున్నా, కొట్టంలో ఉండాల్సిన పురుగుమందు సీసా లేదు. అది చూశాకే శాంతి కాళ్లు ఆగలేదు.

లైబ్రరీ చుట్టూ సర్కారు తుమ్మ. కిటికీ సందులోంచి సన్నటి వెలుగు... లోపల పేజీ తిరిగింది. కాసేపాగి ఇంకోటి.

"ఏమయ్యో..."

చప్పుడు ఆగింది. వెలుగు ఆరిపోయింది.

"ఏమయ్యో... నేను—"

పలుకు లేదు. తాగేశాడు. పడిపోయాడు. ఇక లేడు. అట్లాగే అనుకుంది శాంతి. పెళ్లయ్యాక ఎన్నడూ మొగుణ్ణి పేరు పెట్టి పిలవని మనిషి, గోడ పట్టుకుని కూలబడుతూ పిలిచింది.

"ప్రభుదాసూ..."

"ఆఁ... నువ్వేనా?" లోపల్నుంచి వణుకుతున్న గొంతు. "మూడోసారి దాకా చూశానే. ఇన్నయ్య మామేమో అనుకున్నా."

ఆమె కిటికీ ఎక్కి లోపలికి దూకింది. కొట్టాలనిపించింది, కావిలించుకోవాలనిపించింది. రెండూ చేసింది.

అతను టార్చి వెలిగించాడు. బల్ల మీద విజ్ఞాన సర్వస్వం, 'ల' నుంచి 'శ' దాకా ఉన్న సంపుటం. పక్కనే మందు సీసా.

"ఏందయ్యా ఇది?"

"మొదటిరోజు తాగుదామనే వచ్చా." అతను తల దించుకున్నాడు. "విషం గురించి దీంట్లో ఏముందో చూద్దామని తీశా. ఫోన్నడిగితే నిమిషంలో ఆడికే తీసకపోయేది. ఇదేమో లక్క పురుగు కాడ ఆపింది. తర్వాత లాంతర్లు... తర్వాత వలస పక్షులంట, మన చెరువుకొచ్చే కొంగలు ఏ దేశం నుంచి ఎగిరొస్తయ్యో ఉంది. విషం అనే మాట వచ్చేదాకా వరస తప్పకుండా చదవాలనుకున్నా. చానా బాగుందే శాంతీ... నేనడగనియ్యన్నీ చెబుతంది."

"ఇప్పుడేడికొచ్చావు?"

అతను పేజీ మీద వేలు పెట్టాడు.

"విమానం" అన్నాడు.

శాంతి పదో తరగతి దాకా చదివింది. విమానం తర్వాత విషం దాకా ఏ మాటలొస్తాయో మనసులో లెక్కేసుకుంది. ఎక్కువ లేవు. నాలుగైదు పేజీలుంటాయేమో... ఈ రాత్రికే అయిపోతాయి.

ఆమె ఆ పుస్తకం మూసేసింది. టార్చి పట్టుకుని అలమార దగ్గరికెళ్లి, దుమ్ము పట్టిన మొదటి సంపుటం రెండు చేతులా మోసుకొచ్చి అతని ముందు పెట్టింది.

"'అ' నుంచి చదువు. నేనూ వింటా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత పుస్తకం తెరిచి, మెల్లగా, బడిపిల్లాడిలా మొదలుపెట్టాడు. "అంగారకుడు..."

శాంతి బల్ల మీది సీసాను చప్పుడు కాకుండా ఒళ్లోకి తీసుకుని కొంగు కప్పింది. కొంగు కింద వేలితో తడిమి చూసింది.

సీసా బరువు తగ్గలేదు. కానీ సీలు తీసేసి ఉంది.

"గట్టిగా చదువు" అంది.