బొంతలో బసవరాజు పేరు

తెల్లవారి కాఫీ తాగేటప్పుడు కూడా గౌరి చేతిలో సూది వదల్లేదు. ధర్మవరం పట్టుచీరలకు డిజైన్లు గీసి బతికే మనిషి, నాలుగు నెలలుగా ఆ పని పక్కన పడేసి బొంత కుడుతోంది. మామూలు బొంత కాదు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఒక్కొక్కరిదీ ఒక బట్ట అడిగి తెచ్చి, దానిమీద వాళ్ళ పేరు కుట్టి అతికిస్తోంది. పెనుకొండ లారీ డ్రైవరు లుంగీ ఉంది, పరిగి ఇల్లాలి రవిక ఉంది, నల్లమాడ కూలిమనిషి తలగుడ్డ ఉంది. రేపు హిందూపురంలో వాళ్ళను తలుచుకునే సభలో దాన్ని అందరి ముందూ పరుస్తారు.

నడిమధ్యన మాత్రం ఒక కొత్తగుడ్డ. దానిమీద గౌరి తమ్ముడి పేరు, జింకా బసవరాజు. వాడు పోయి పద్దెనిమిదేళ్ళు. గౌరి అప్పట్లో హిందూపురంలో పనిచేసేది. ఆమె ఇంటికి వచ్చేసరికే తల్లి సుంకమ్మ వాడి బట్టలన్నీ కాల్చేసింది, మగ్గం మీద వాడు సగం నేసిన చీర కూడా కాల్చేశానంది. ఊరికి టీబీ అని చెప్పింది. పాపం, ఆ అబద్ధానికి ఇప్పటికీ కాపలా కాస్తూనే ఉంది.

ఆ ఉదయం మజ్జిగకు వచ్చిన ఎదురింటి హనుమక్క బొంత మీది పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ పోయి, నడిమధ్యకు వచ్చేసరికి నోరు మూసుకుంది. గిన్నె కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. సుంకమ్మకు చదువు రాదు. అయినా ఆ మధ్యన ఎవరి పేరుందో ఆమెకు ఇంకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ కుట్లు విప్పెయ్యమంది. గౌరి కుదరదంది. పోనీ ఇంటిపేరైనా తీసెయ్యి, ఊళ్ళో బసవరాజులు బోలెడుమంది ఉన్నారని బతిమాలింది సుంకమ్మ.

"దాచొద్దండని ఇంటింటికీ పోయి చెప్పినా కదమ్మా. ఇప్పుడు మన ఇంట్లో నేనే దాచాల్నా?"

"నీకేమే, సభలో మాట్లాడి వస్తావు. ఈ వీధిలో తలెత్తుకొని బతకాల్సింది నేను."

ఆ మాటతో గౌరికి తిక్క రేగింది. ఇన్నేళ్ళు నమిలి మింగిన మాట బయటికి వచ్చేసింది.

"వానికి గంజి దూరంగా పెట్టి పక్కకు జరిగేదానివంట. నేసిన చీరను గూడా కాల్చేస్తివి. ఆ చీర నిన్నేం చేసిందమ్మా?"

సుంకమ్మ లేచి లోపలికి పోయింది. అంత మాట అనకుండా ఉండాల్సిందని గౌరి నొచ్చుకుంటుండగానే తల్లి ఒక పాత దుప్పటి మూట తెచ్చి ముందు పెట్టింది. విప్పితే చిలకపచ్చ పట్టు. రెండున్నర గజాలు నేసి ఉంది. ఆ తర్వాత పోగులు ఎగుడుదిగుడుగా తెగి వేలాడుతున్నాయి.

"కాల్చలేదే. రోగమొచ్చినోడు నేసింది మాకొద్దని పట్టు ఇచ్చిన షావుకారు వాకిట్లో నిలబడి చెప్పిపోయినాడు. నేనే మగ్గం మీంచి కొడవలితో కోసేసినా. మిగతాది వేరేవాళ్ళు నేసినారు, ఎవరో పెండ్లికూతురు కట్టుకొనిందని వానికి చెప్పినా. బాగుందన్నారా అమ్మా అని అడిగినాడు. చానా బాగుందన్నారప్పా అన్నా. నీకు చెప్పేకి మొగం చెల్లలేదు."

గౌరికి ఏడుపు ఆగలేదు. తల్లిని దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత కొత్తగుడ్డ ఊడదీసి, ఆ స్థానంలో పట్టు పరిచి, సుద్దముక్కతో బసవరాజు అని పైకి అంటూ రాసింది. సుంకమ్మ దానిమీద వేలు పెట్టి చూసుకుంది.

"ఇంటిపేరు యాడుండాది?"

"నువ్వే వద్దంటివి కదమ్మా."

"ముందర రాయి. పెద్దగా రాయి. వానికీ ఒక ఇల్లుండాదని అందరికీ తెలియాల. హనుమక్క గూడా నోరు తెరిచి చదవాల."

గౌరి రాసింది. సుంకమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని సూదిలోకి దారం ఎక్కించింది. గౌరి చెయ్యి చాపినా సూది ఇవ్వలేదు, సుద్దగీత వెంట తనే కుట్టడం మొదలుపెట్టింది.