ఎర్రబడ్డ 417

గోదావరిఖనిలో మా బాయి ల్యాంపు రూము కిటికీ వెనక పద్నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను. బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. ఇక్కడ అందరం అలాగే అంటాం. దిగేవాళ్లకు తలకు పెట్టుకునే ల్యాంపు ఇవ్వాలి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుని ఛార్జింగుకు తగిలించాలి, ఎవరు లోపలున్నారో ఎవరు పైకి వచ్చారో కంప్యూటర్లో చూసుకోవాలి. ఇంతే నా పని. ల్యాంపు రాలేదంటే మనిషి రాలేదన్నట్టే.

ఆ కంప్యూటరు నా ప్రాణం తీసేది. నల్లటి తెర మీద కమాండు కొడితే ల్యాంపు నంబర్లున్న ఫైళ్లన్నీ వరసగా పడతాయి. అన్నీ తెల్లగా, ఒకేలా. షిఫ్టు మారే వేళ కిటికీ అవతల అరవై మంది "జల్ది తీస్కో అన్నా" అని అరుస్తుంటే ఇవతల నేను ఆ తెల్ల అంకెల్లో దేవులాడేవాణ్ణి. అందుకే ఆ రోజు మొదటి షిఫ్టులో రంగుల సెట్టింగు ఫైలు తెరిచి కూర్చున్నాను. నంబరు చివర 'లోపల' అని ఉంటే పసుపు, 'పైన' అని ఉంటే ఆకుపచ్చ.

ఎరుపు మాత్రం నేను పెట్టింది కాదు. మా దగ్గర ప్రతి నంబరూ ఒక లింకు. ఆ కార్మికుడి సర్వీసు ఫైలు ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. చూపించే లింకు ఉండి, చూడాల్సిన ఫైలు లేకపోతే కంప్యూటరు దాన్ని ఎర్రగా చూపిస్తుంది. మంచిదే కదా అని వదిలేశాను.

రెండు గంటలకు రంగుల పని అయిపోయింది. లోపలున్న అరవై రెండు నంబర్లు పసుపు పచ్చగా మెరిసిపోతున్నాయి. మురిసిపోయి ఓవర్మన్ లింగమూర్తి కాకను పిలిచి చూపించాను. ఆ షిఫ్టులో మనుషులందరి బాధ్యతా ఆయనదే.

"ఏందిరా తౌఫీఖూ, బతుకమ్మ పేర్చినట్టు పెట్టినవ్," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది. చనిపోయిన మనిషి ల్యాంపు నంబరు ఏడాది దాకా ఎవరికీ ఇవ్వం. ఏ కాగితంలోనూ లేదు గానీ, మా ముందువాళ్లు పాటించారు, మేమూ పాటిస్తాం. నాలుగు నెలల కింద ఎల్లేశం అన్న లోపల డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగం కొడుకు రుత్విక్‌కు వచ్చింది. మొదటి రోజు ఆ పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి, "మా నాయిన నంబరే ఇయ్యే అన్నా. గదొక్కటన్న నా దగ్గరుంటది," అన్నాడు. ఎవరికీ చెప్పకుండా 417 ఇచ్చేశాను. ఎల్లేశం ఫైలు తీసేసి, ఆ లింకును రుత్విక్ ఫైలుకు నా చేతులతోనే కలిపాను.

మూడు కొట్టేసరికి వాన దంచడం మొదలైంది. పగలే అయినా బయట మనిషి మొహం కనిపించనంత మబ్బు. కరెంటు పోయింది. బ్యాటరీ మీద కంప్యూటరు ఒక్కటే వెలుగుతోంది. తడిసిన బొగ్గు వాసన, చెమట వాసన, బ్యాటరీల యాసిడ్ వాసన కలిసి గదిలోకి కొడుతున్నాయి. జనం ఎక్కుతున్నారు. ల్యాంపులు వస్తున్నాయి. పసుపు అంకెలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారుతున్నాయి.

అరుపులు సద్దుమణిగాయి. ఒక్క పసుపు మిగిలింది. 417.

అప్పుడే కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. తల మీద తడి తువ్వాల కప్పుకున్నాడు, మొహం కనిపించలేదు. ల్యాంపు బల్ల మీద పెట్టాడు.

"ఏంది రుత్విక్, గింత లేటు?"

ల్యాంపు చేతిలోకి తీసుకున్నాను. ఎనిమిది గంటలు వెలిగి వచ్చిన ల్యాంపు బ్యాటరీ గోరువెచ్చగా ఉంటుంది. ఇది చల్లగా ఉంది... వేళ్లు తిమ్మిరెక్కేంత చల్లగా. తలెత్తేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు.

'పైన' అని కొట్టి, కమాండు వేశాను. అరవై ఒకటి ఆకుపచ్చ. 417 ఎరుపు.

పక్కన బాణం గుర్తు, అది చూపించే పేరు... ఎల్లేశం. లేని ఫైలు. ఆ పేరు నేనెక్కడా కొట్టలేదు. లింకు తెంపి మళ్లీ రుత్విక్ ఫైలుకు కలిపాను. కమాండు వేశాను. ఎల్లేశం. ఎరుపు. మళ్లీ కలిపాను. మళ్లీ ఎల్లేశం.

బయట లింగమూర్తి కాక గమ్‌బూట్ల చప్పుడు. ఆయన ఈ ఎరుపు చూస్తే ఏంది ఇది అంటాడు. నంబరు ఇచ్చిన సంగతి బయటపడుతుంది, పరువు పోతుంది. నాకు అప్పుడు తోచింది ఒక్కటే. సెట్టింగు ఫైలు తెరిచి ఆ ఎరుపు లైనులో ఆకుపచ్చ రంగు కోడ్ కొట్టేశాను.

"అందరు ఎక్కిండ్రా?" కాక తలుపు దగ్గరినుంచే అడిగాడు.

"ఎక్కిండ్రు కాక."

ఆయన తెర వైపు చూశాడు. అంతా ఆకుపచ్చ. తలూపి వెళ్లిపోయాడు.

నలభై నిమిషాల తర్వాత, స్నానం చేసి బట్టలు మార్చుకున్న వీరేందర్ వచ్చాడు. రుత్విక్‌తో కలిసి పనిచేసేవాడు. "అన్నా, రుత్విక్ ఏడి? ఆని బండి స్టాండ్ల గట్లనే ఉంది. నాతోని ఎక్కలే."

సెట్టింగులో ఎరుపును మళ్లీ ఎరుపు చేశాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. 417 ఎర్రగా నన్నే చూస్తోంది. ల్యాంపు నా దగ్గరుంది. మరి పిల్లవాడు... లోపల... చీకట్లో...

వానలో పరిగెత్తి లింగమూర్తి కాక కాళ్ల మీద పడ్డంత పని చేశాను. నంబరు సంగతి, రంగు మార్చిన సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన ఆరుగుర్ని తీసుకుని దిగాడు. తిడితే బాగుండేదనిపించింది. ఇరవై రెండేళ్ల పిల్లవాడు నా పరువు కోసం నలభై నిమిషాలు ఎక్కువ చీకట్లో ఉన్నాడు. యా అల్లా, వాడు బతికి రావాలి, ఈ ఉద్యోగం పోయినా ఫికర్ లేదని మొక్కుకుంటూ కూర్చున్నాను.

ఆరు గంటలకు తెచ్చారు. పని ఆపేసిన ఒక పాత దారిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. ఒంటి మీద గీత కూడా లేదు. నా గదిలో బల్ల మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పాం. కాక దవాఖాన బండి కోసం బయటికి వెళ్లాడు.

"ల్యాంపు ఎవరికిచ్చినవ్ బిడ్డా?" అని మెల్లగా అడిగాను.

వాడు గుసగుసగా అన్నాడు. "నాయినొచ్చిండన్నా... గిది నా ల్యాంపు బిడ్డా, నాకియ్యి, ఇంటికి పోవాలె అన్నడు... ఇచ్చిన."

ఏదో ఒకటి చెయ్యాలని ఫోన్ తీశాను. వాళ్లమ్మ రాజకుమారి అక్కకు అప్పటిదాకా చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెప్పొచ్చు, పిల్లవాడు దక్కాడు. వాడూ వినాలని స్పీకరు పెట్టాను.

"అక్కా, నేను తౌఫీఖ్‌ను. ఫికర్ చెయ్యకు, రుత్విక్ మంచిగనే ఉన్నడు."

"ఎందుకు ఫికర్ తమ్మీ?" అంది ఆమె. "మూడున్నరకే వచ్చిండు గద. తానం గూడ చెయ్యలే, మసితోనే మంచమెక్కి పన్నడు. లైటెయ్యనిస్తలేడు. గోడకు తిరిగి పన్నడు, పలుకుతలేడు."

రుత్విక్ ఫోన్ వైపు వంగాడు. "అమ్మా... బయటికి రాయే. జల్ది రా..."

అవతల ఆమె గొంతు తగ్గించి అడిగింది. "గా పక్కకు ఎవరు తమ్మీ? అచ్చం మా పిలగాని లెక్క మాట్లాడుతుండు..."

"అక్కా, బయటికి నడువు. ఫోన్ పెట్టకు. నడువు."

"ఆగు... లేస్తున్నడు." అడుగుల చప్పుడు. "ఏంది బిడ్డా? తలుపుకు గడియెందుకు పెడుతున్నవ్?"

ఇనుప గడియ పడింది. తర్వాత ఫోన్లో ఇంకో గొంతు, చాలా దగ్గరగా.

"ఫోన్ల ఎవరే అమ్మా?"

అది రుత్విక్ గొంతు. నా ముందున్న రుత్విక్ నోరు మూసుకుని, కదలకుండా నన్నే చూస్తున్నాడు.