మినిమమ్స్ కింద

రెండు వేల పన్నెండు జూలై. అశోక్ నగర్‌లో ఒక పుస్తకాల షాపు పైగదిలో పైలట్లకు పాఠాలు చెప్పేదాన్ని. బోర్డు చదివి కూడా గ్రూప్-టూ ఫీజెంతని అడిగేవాళ్లే ఎక్కువ. ఒంటరిదాన్ని, పొద్దంతా ఆ గదిలోనే గడిచేది. విమానం కాక్‌పిట్ లాంటి ఒక సిమ్యులేటర్, రెండు కుర్చీలు, గోడంత తెర.

తెల్లారితే నా శిష్యుడు అఖిల్‌కు మూడో చెక్ ఫ్లైట్, ఆఖరి పరీక్ష. ఇదీ తప్పితే పైలట్ చదువు మాని ఊరికి పోవడమే. వాడి లోపం ఒక్కటే. మబ్బులో ఒకే వాలున దిగుతూ రావాలి. ‘మినిమమ్స్’ అనే ఎత్తుకు చేరేసరికి రన్‌వే కనిపించకపోతే, ఆ క్షణమే ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ నెట్టి పైకి లేపాలి. వాడు కాస్త ఆగి చూస్తాడు. విమానం ఆగదు.

“పెళ్లిచూపులకు వచ్చినవా, అంతసేపు చూస్తున్నవ్?”

“ఈసారి చూడ మేడం.”

మధ్యాహ్నం మూడు. బయట ముసురు. పరదాలు వేసి, వాడికి చెప్పకుండా తెరంతా పొగమంచు పెట్టాను. ఎంత దిగినా రన్‌వే కనిపించదు.

“మూడు మైళ్లు. ఎత్తు వెయ్యి అడుగులు.”

“కరెక్టున్నం మేడం.”

“మినిమమ్స్.”

“రన్‌వే కనబడ్తున్నది.”

తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ లేదు. “ఏడున్నదిరా?”

“గదిగో... లైట్లు. ఎవరో చెయ్యి ఊపుతున్నరు.”

థ్రాటిల్ నేనే నెట్టాను. దాని మీద వాడి చెయ్యి ఐసుగడ్డలా తగిలింది. తిట్టి పంపించాను. గుమ్మం దగ్గర ఆగాడు.

“రేపు గూడ లైట్లు కనబడితే, దిగాలె గదా మేడం?”



వాడు వెళ్లాక, సంగతేమిటో తేల్చుకుందామని నేనే కూర్చున్నాను. అదే పొగమంచు. అంకెలు నాకు నేనే చెప్పుకున్నాను. “మూడు మైళ్లు. వెయ్యి.”

“కరెక్టున్నం...”

పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి. గుసగుసగా.

మినిమమ్స్. ఎదురుగా... లైట్లు. రెండు వరసలు. నడుమ ఎవరో చెయ్యి ఊపుతూ. నాకోసం ఎవరైనా అలా ఎదురుచూసి ఎన్నేళ్లయిందో. ఇరవై ఏళ్లలో ఎన్నడూ ఆగనిదాన్ని... ఆగి చూశాను.

మూడు వందలు. వంద. సున్నా.

నేల తగలలేదు. ఎత్తు చూపే ముల్లు సున్నా కిందికి దిగింది. తడిగడ్డి వాసన.

ఫోన్ మోగింది. అఖిల్.

“మేడం, లాగ్‌బుక్ మర్చిపోయిన. రూము ముంగటనే ఉన్న. బయట తాళం ఉన్నది. మీరు ఏడున్నరు?”

వెనక్కి తిరిగాను. తలుపు ఉండాల్సిన చోట పొగమంచు.

“అఖిల్, చెక్ పోతే పోనీ. రేపు లైట్లు కనబడినా దిగకు. అక్కడ నిలబడి నేనే చెయ్యి ఊపినా... లేపెయ్.”

“మేడం, ఎందుకట్ల గుసగుస మాట్లాడుతున్నరు?”

ముల్లు ఇంకా దిగుతోంది.