ఊరు దాటని ఫోను

ఆ లాండ్రీ షాపుకి రెండు గదులు. ముందు గదిలో కౌంటరు, దాని మీద అంకెల చక్రం తిప్పే నల్లటి ఫోను. వెనక గదిలో ఇస్త్రీ బల్ల, దాని చుట్టూ ఎప్పుడూ ఆవిరి, తడి గుడ్డల వాసన, గంజి వాసన. పైన అడ్డంగా వేసిన గొట్టాలకు హ్యాంగర్లు. వాటికి ఊరి జనం చొక్కాలు, కోట్లు, చీరలు గోడ దాకా వరుసలు కట్టి వేలాడుతుండేవి. వీధి తలుపు తెరిస్తే చాలు, గాలికి అన్నీ కలిసి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరిగేవి.

షాపు యజమానిని అందరూ గొంతులాయన అనేవారు. ఎవరి గొంతునైనా రెండు నిమిషాలు వింటే అచ్చుగుద్దినట్టు దించేసేవాడు. బట్టల కోసం వచ్చినవాళ్లు నవ్వుకుంటూ కూర్చుండిపోయేవారు. వెనక గదిలో ఇస్త్రీ చేసేది అతని భార్య. ఆమె మాత్రం పెద్దగా నవ్వేది కాదు. ఆ గొంతుల్లో ఆమె చచ్చిపోయిన తండ్రి గొంతు కూడా ఉండేది. ఆమె అలిగి అన్నం మానేసినప్పుడు అతను ఆ గొంతుతోనే పిలిచేవాడు.

ఫోను పెట్టించిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం ఓ ముసలావిడ ఫోన్ చేసి, "చిన్నోడా, అన్నం తిన్నావా?" అని అడిగింది. భార్య రాంగ్ నంబర్ అని పెట్టేసింది. మర్నాడు అదే వేళకి మళ్లీ అదే గొంతు.

లైను బాగుచేయడానికి వచ్చిన లైన్‌మన్‌ని ఆమె ఆ సంగతి అడిగింది. అతను ఆమెను అక్కా అని పిలిచేవాడు, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లే చనువుంది. అతను చెప్పింది ఇంతే: మీ నంబరు మీ ఒక్కరిదే కాదు, ఇవే అంకెలు ప్రతి ఊళ్లోనూ ఎవరికో ఒకరికి ఉంటాయి. ముందు సున్నా తిప్పితే ఊరు దాటాలని టెలిఫోను ఎక్స్ఛేంజీకి చెప్పినట్టు. ఆ తర్వాత తిప్పే కోడ్ ఏ ఊరో చెబుతుంది. మిగిలిన అంకెలు ఏ ఇల్లో చెబుతాయి. సున్నా, కోడ్ లేకపోతే ఫోను ఊరు దాటదు, ఇక్కడే తిరుగుతుంది. ఆవిడ కొడుకు ఇంకో ఊళ్లో ఉండుంటాడు, ఆవిడ కోడ్ మర్చిపోయి ఉత్త నంబరు తిప్పుతోంది, అది మీకు మోగుతోంది.

"అంటే ఆవిడ ఈ ఊళ్లోనే ఉందా?" అంది ఆమె.

"ఈ ఊళ్లోనే ఉంది, అక్కా. కోడ్ సంగతి ఆవిడకి కాస్త చెప్పండి."

ఆమె చెప్పేదే. కానీ ఆ మధ్యాహ్నం ఫోను గొంతులాయన ఎత్తాడు. షాపులో నలుగురు కూర్చుని ఉన్నారు. ముసలావిడ చిన్నోడా అనగానే అతను వాళ్ల వైపు కన్ను గీటి, గొంతు మెత్తగా చేసి, "ఆఁ అమ్మా, జలుబు చేసింది, అందుకే గొంతు ఇలా ఉంది" అన్నాడు. నలుగురూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

అప్పట్నుంచి అది రోజూ జరిగే వేడుక అయింది. ఎప్పుడొస్తావని ఆవిడ అడిగేది. వచ్చేవారం అనేవాడు. వచ్చేవారం మళ్లీ వచ్చేవారం అనేవాడు. ఒకరోజు ఆవిడ, కాలు జారి పడ్డానని, లేవలేకపోతున్నానని, నీళ్ల కుండ గదికి ఆ చివరన ఉండిపోయిందని చెప్పింది. పక్కింటివాళ్లని కేకెయ్యనా అని అడిగింది.

"వద్దమ్మా," అన్నాడు అతను. "ఊరంతా నవ్వుతారు. నేను బయల్దేరుతున్నాగా. నేను వచ్చేదాకా ఎవరికీ తలుపు తియ్యకు."

భార్య ఇస్త్రీ పెట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది. "అమ్మా, మీ ఇల్లెక్కడ?" అని అడిగింది. అవతల కాసేపు ఊపిరి చప్పుడు. "కోడలా?" అని అడిగిందా గొంతు. తర్వాత పెట్టేసింది. కోడలికీ ఆవిడకీ పడదు కాబోలు.

ఆమె అప్పటికప్పుడు ఎక్స్ఛేంజీకి వెళ్లి లైన్‌మన్ కాళ్లావేళ్లా పడింది. మర్నాడు ఫోను మోగే వేళకి అతను అక్కడ కాచుకుని, ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకున్నాడు. సైకిల్ మీద వచ్చి చెప్పాడు. షాపు వెనక వీధిలోనే. మూతబడ్డ పుస్తకాల బైండింగు దుకాణం పైన గది.

తలుపు లోపల గడియ వేసి ఉంది. వడ్రంగిని పిలిచి విరగ్గొట్టించారు. వాసనకి లైన్‌మన్ మెట్ల మీదే కూలబడ్డాడు. ముసలావిడ నేల మీద గోడకి ఆనుకుని ఉంది. చేతిలో రిసీవరు. కుండలో నీళ్లు నిండుగా ఉన్నాయి.

డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి వారం దాటిందన్నాడు.

భార్య, లైన్‌మన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ గంట క్రితమే గొంతులాయనతో మాట్లాడింది.

కొడుకు వచ్చాడు. అమ్మ అలిగి ఫోన్ చేయడం మానేసిందనుకున్నానని చెప్పుకుని ఏడ్చి, గది ఖాళీ చేసి వెళ్లాడు. గొంతులాయన మాత్రం ఆ రోజు కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఆ సాయంత్రమే లైన్‌మన్‌ని పిలిపించి, ఫోను తీగని బయట స్తంభం దగ్గరే కోయించేశాడు.

కొన్నాళ్లు బాగానే గడిచింది.

ఒక సాయంత్రం వాన. కరెంటు పోయింది. దీపాల వేళ ఇంకా కాలేదు గానీ షాపులో చీకటి కమ్మింది. రేకుల మీద వాన చప్పుడు. వెనక గదిలో ఆవిరి వాసన. భార్య చీర మడత పెడుతోంది. బట్టలన్నీ కదలకుండా వేలాడుతున్నాయి...

ఫోను మోగింది.

తీగ కోసేసిన ఫోను.

"ఎత్తకండి," అంది ఆమె.

అతను ఎత్తాడు. ఎందుకు ఎత్తాడో ఆమెకి ఎప్పటికీ అర్థం కాలేదు. చెయ్యి దానంతటదే వెళ్లినట్టు వెళ్లింది. విన్నాడు. చాలాసేపు విన్నాడు. మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"సరే అమ్మా," అన్నాడు గుసగుసగా. అది ఎవరి గొంతూ కాదు. అతని సొంత గొంతు. "వస్తున్నా..."

రిసీవరు పెట్టాడు. చెప్పులు విడిచాడు. భార్య పక్కనుంచే నడిచి, వేలాడే బట్టల మధ్యకి వెళ్లాడు. ఒక వరుస ఊగింది. దాని వెనక ఇంకో వరుస. హ్యాంగర్లు టకటకలాడాయి... దూరంగా... ఇంకా దూరంగా. ఆ గది అంత పొడుగు లేదు.

ఆమె దీపం వెలిగించి ఒక్కొక్క బట్టా పక్కకి నెట్టుకుంటూ వెళ్లింది. చివర్లో గోడ. చేత్తో తడిమింది. గోడే. మనిషి లేడు.

వెతికారు. దొరకలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆ ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఆమె ఎత్తింది.

"ఏమే... నేనే." ఎండిపోయిన గొంతు. "ఎంత తిప్పినా ఎవరూ ఎత్తడం లేదే. కోడ్ మర్చిపోయా. కోడ్ చెప్పు..."

"ఎక్కడున్నారు?"

అతని వెనక ఎవరో ముసలావిడ, ప్రేమగా, బుజ్జగిస్తున్నట్టు, "వచ్చేవారం నాన్నా, వచ్చేవారం" అంటోంది.

ఆమె ఫోనుని గుడ్డలో చుట్టి లైన్‌మన్‌కి ఇచ్చేసింది. అతను తీసుకెళ్లి ఎక్స్ఛేంజీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

వారం తిరక్కుండా అతను షాపుకి వచ్చాడు. లోపలికి రాలేదు. మెట్ల కిందే నిలబడ్డాడు. మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు.

"బీరువాలో మోగింది, అక్కా. నిన్న మధ్యాహ్నం. తాళం తీసి ఎత్తాను."

"ఏమన్నారాయన?"

"ఆయన కాదు." అతను ఆమె మొహం వైపు చూడటం లేదు. "మీరు. మీ గొంతే. తమ్ముడూ, ఇక్కడ చీకటిగా ఉంది, వచ్చి తలుపు తియ్యవూ అని ఏడ్చారు."

ఆమె చేతిలోని గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారక్కా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె ఆలోచించింది. పొద్దున ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజెయ్యడం గుర్తుంది. సాయంత్రం షాపు మూయడం గుర్తుంది.

మధ్యలో ఎక్కడుందో, ఎంత ఆలోచించినా ఆమెకి గుర్తు రాలేదు.