గుడ్డి బోర్డు మలుపు

మరిపెడ దాటి మూడు మైళ్లు పోతే వాగు మీద ఒక కల్వర్టు ఉంటది. దాని ముందటి మలుపు పేరెత్తితే ఆటోలోల్లు గొంతు తగ్గిస్తరు. చీకటి పడ్డంక ఆడ ఆగొద్దంటరు. బ్రేకు మీద కాలు పెట్టొద్దంటరు. కండ్లు సగం మూసుకోని బండి గట్టిగ ఉరికియ్యాలె... గట్లయితేనే దెయ్యం అందుకోదంట.

ఏడేండ్లల తొమ్మిది మంది పోయిన్రు ఆడ. సర్కారు కాయిదంల ఆరుగురే. నేను తప్పు లెక్క చెప్పెటోన్ని కాదు.

దెయ్యం సంగతి తర్వాత. ముందుగల బోర్డు సంగతి చెప్పాలె.

ఏటా ఒక వారం రోజులు సర్కారు ఆఫీసర్లు జీపులల్ల వచ్చి, మెల్లగ పోండి, పానాలు కాపాడుకోండి అని కాయిదాలు పంచిపోతుండిరి. నాకు నా పేరు రాసుడు తప్ప అక్షరం రాదు. ఆ కాయిదాలల్ల మా ఇంట్ల బెల్లం పొట్లాలు కట్టిన్రు. కాని నేను ఊకున్ననా? రెండేండ్లు వరంగల్ దాకా తిరిగిన. అరవై మందితోని ఏలిముద్రలు ఏపిచ్చిన. ఆఖరుకు ఒక సారు వచ్చి, టేపు వట్టి కొలిచి, లైటు పెడ్తం, కల్వర్టుకు గోడ కడ్తం, మలుపుకు బోర్డు పెడ్తం అన్నడు.

లైటు రాలే. గోడ రాలే. బోర్డొచ్చింది — పసుపుపచ్చది, నల్ల బాణం గీసింది. రాత్రి బండి లైటు పడితే పొయ్యిల నిప్పు లెక్క మెరిసేది.

ఆర్నెల్లు ఆడ ఒక్కలు సావలే. తర్వాత ఆ బోర్డు గుడ్డిదయింది. ఎట్లయిందో చెప్త... జర ఆగున్రి.

గుడ్డిదయిన పన్నెండో రోజు, తండా దేవ్యా మోటరుసైకిల్ మీద వచ్చుకుంట, మలుపు కానక వాగుల పడ్డడు. కల్వర్టు అంచుకు అడ్డం పాతిన రెండు రాతి కడీలు కూడ ఆయనతోనే పోయినయి. ఇగ అప్పటి సంది మొదలయింది — మలుపుకాడ ఒక ఆడమనిషి నిలవడుతున్నదని, దానికి తల లేదని.

నేను నమ్మలే. కాని ఆ తొవ్వ మాత్రం తొక్కలే. మరిపెడ పోవాలంటె చెలకల పొంటి సుట్టు తిరిగి పోయిన.

ఏడాది గడిసింది. తెలంగాణ కొరకు సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు. మా ఇంటెనక యాకయ్యకు ఆటో ఉన్నది. వాని చెల్లె దుర్గమ్మకు నడిజాముల నొప్పులు లేసినయి. ఎనక సీట్ల ఆమెను పండవెట్టి, తల్లిని కాళ్లకాడ కూసోవెట్టి, మరిపెడ దవాఖానకు ఎల్లిండు. సంగతి నాకు వాడే చెప్పిండు.

"అన్నా... జర మెల్లగ," అన్నదంట దుర్గమ్మ.

"ఈడ మెల్లగ పోవద్దే. కండ్లు మూసుకో."

"కుదుపుకు పిల్ల సస్తదిరా..." తల్లి.

"సప్పుడు జేయకు అవ్వా! అది ఇంటది!"

వాడు ఇంకింత ఉరికిచ్చిండు.

అప్పుడు అవుపడ్డది...

ముందుగల ఒక మిణుకు. తర్వాత పది. తర్వాత నూరు కండ్లు — ఒక్కపారే తెరిసినట్టు. నడుమున్నది. నడుము మీద ఏం లేదు... నల్లటి చీకటి తప్ప. నడుము కింద నిండ కండ్లే. అడుగు కదుల్తలేదు. కాని ఊగుతున్నది.

యాకయ్య చెప్పుడు మాటలన్ని మరిసిండు. బ్రేకు తొక్కిండు.

ఆటో కీసుమని జారి ఆగింది. ఇంజను బందయింది. లైటు పోయింది. వాగు సప్పుడొక్కటే... ఆ సప్పుడు పక్కకెల్లి రావాలె. ముంగటికెల్లి వస్తున్నది.

సెల్‌ఫోను ఎలుగుల చూసిండు. ముందటి చక్రానికి జానెడు దూరంల — రోడ్డు లేదు.

ఎనకకు తిరిగి చూడలే వాడు. ఆటోను చేతులతోనే ఎనకకు గుంజి, స్టార్టు చేసి, మనిషి నడిసినంత మెల్లగ కల్వర్టు దాటిండు. తెల్లారకముందే దుర్గమ్మకు ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నరు.

"అది నన్ను ఆపింది పెద్దబాపూ," అన్నడు. "సంపనీకి కాదు... ఆపనీకే నిలవడ్డది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారంగనే కర్ర వట్టుకోని ఆ తొవ్వ పోయిన.

మలుపుకాడ ఒక ఆడమనిషి కూసోని ఉన్నది. తల ఉన్నది. దేవ్యా పెండ్లాం గంగి. ఒడిల అద్దాల లంగ ఉన్నది — పెండ్లికి వాళ్ల అవ్వ కుట్టి ఇచ్చిందంట. సూదితోని ఊడిన అద్దం కుడుతున్నది.

"రోజూ పొద్దుగూకంగ బోర్డు కర్రకు కడ్త తాతా. పొద్దున ఇప్పుకపోత," అన్నది. "బోర్డు కనవడకనే నా మొగడు పోయె. సర్కారోల్లకు చెప్తె మల్ల ఫైలు పెట్టాలన్నరు. మొన్న మల్ల పోతె సమ్మె అన్నరు. మీ ఊరోల్లకు చెప్తె నిమ్మకాయ కట్టు అన్నరు. నాతాన ఏమున్నది? గీ అద్దాలే ఉన్నయి. ఇయ్యన్న మెరుస్తయి గద..."

ఆమె తలెత్తి బోర్డు దిక్కు చూసింది. ఎండకు కరిగి కారిన తారు. బాణం లేదు, పసుపు లేదు.

"ఎవలో పూసిన్రు. ఎవలో నీకెర్కనా తాతా?"

ఎర్కనే.

బోర్డు కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని రాసుండెనంట. ఆ దినాలల్ల ఆ పేరు యాడ కనవడ్డా తారు పూస్తుంటిమి. మా ఊర్ల ఉద్యమానికి పెద్ద బాలనర్సయ్య డబ్బ తెచ్చిండు. "బాణం ఉంచాల్నా?" అని అడిగిన నేను. "వాళ్ల బాణం మనకెందుకు బాపూ? నెల తిరిగేవరకు మన రాష్ట్రం, మన బోర్డు. నా మాట మీద పూయి. బోర్డు తెచ్చినోడే పూస్తె ఊరంత చూస్తది," అన్నడు.

నేనే పూసిన. మొత్తం పూసిన. నేను చేసే పని సగం చెయ్య.

దేవ్యా పీనుగకాడికి కూడ రాలే బాలనర్సయ్య. ఇంటికి పోయి అడిగితె, "ఏ బోర్డు బాపూ?" అన్నడు. గా మాట నేను కాటికి పోయేదాక మరువ.

గంగి ఇంక నా దిక్కే చూస్తున్నది.

"తెల్వదు బిడ్డా," అన్న. అచ్చం బాలనర్సయ్య గొంతే వచ్చింది నా నోట్లకెల్లి.

ఆమె దారం కొరికింది. నా మొకం మీదికెల్లి కండ్లు దించింది... నా కర్ర కొస కాడ ఆగినయి. జానెడు నలుపు. తారు కలిపింది ఆ కర్రతోనే. ఎంత గీకినా పోలే.

"మంచిది తాతా," అన్నది మెల్లగ, లంగ మడత పెట్టుకుంట. "దేవ్యా రోజూ రాత్రి గీడికే వచ్చి, ఎవలే, ఎవలే అని అడుగుతున్నడు. ఇన్నొద్దులు నాకు తెల్వదని చెప్పిన..."

లేసి నిలవడ్డది.

"ఇయ్యాల చెప్త."