ఇంజనాయిలు తాగే ఇల్లు

దగ్గరికి జరగండి... ఇంకాస్త. బాబాయిగారూ, మీరు గోడకానుకుని కళ్ళు మూశారో, ఊరుకునేది లేదు. ముందే చెబుతున్నాను.

ఊరు దాటాక రోడ్డు ఒక్కసారిగా ఎత్తెక్కుతుంది. డ్రైవరు ఆకాశాన్ని చూస్తూ బండి నడపాలి, అంత ఎత్తు. ఆ ఎత్తు సగంలో, ఎడమ పక్కన, ఒక ఖాళీ ఇల్లు. తలుపుల్లేవు. కిటికీల్లో చీకటి తప్ప ఇంకేం లేదు. గడప మాత్రం నల్లగా, జిడ్డోడుతూ మెరుస్తుంటుంది... పట్టపగలు కూడా.

ఒకప్పుడు అక్కడ ఒక మెకానిక్కు ఉండేవాడట. బండి కింద పడుకుని పనిచేస్తుంటే జాకీ జారిందట. అంతే... అప్పటినుంచీ ఆ ఇంటి ముందు ఆగిన ప్రతి బండిలోనూ ఇంజనాయిలు తగ్గిపోతుంది.

వాడు తాగుతాడు.

నవ్వకండి. గుబురు మీసాల లారీ డ్రైవర్లు నమ్మిన మాట ఇది. అక్కడికి వచ్చేసరికి ఇంజను వేడెక్కుతుంది కదా, అందరూ ఆ ఇంటి ముందే ఆపేవారు. బానెట్ ఎత్తి గేజు పుల్ల లాగేవారు. ఆయిలు ఎంతుందో చెప్పే సన్నటి రేకు పుల్ల అది. దానిమీద కింద ఒక గీత, పైన ఒక గీత. చూస్తే... ఆయిలు తడి కింది గీత దగ్గరే! అమ్మో అనుకుని పై గీత దాకా పోసేవారు. డబ్బాలో మిగిలింది గడప మీద వంచి, "నీ వాటా నీది, మా బండి జోలికి రాకు," అని దండం పెట్టి, వెనక్కి చూడకుండా పోయేవారు.

నేను దేవుడికి దండం పెట్టుకోనిదే మంచినీళ్ళయినా ముట్టను, మీకు తెలుసు. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడి ముందు కాసేపు నిలబడమంటే కాళ్ళు లాగుతున్నాయనే మహానుభావులు, ఇంజనాయిలు తాగే దెయ్యం ముందు మాత్రం ఎంత వినయం! ఎంత నిష్ఠ!

సరే, కథలోకి వద్దాం. ఇది నాకు మా తోటికోడలు చెప్పింది. దానికి వాళ్ళ నాన్న ఒక పాత పికప్ బండి వదిలిపోయాడు. ఆయన బతుకంతా తోలిన బండి. మంచం పట్టాక కూడా, వీధిలో కూతురు దాన్ని తిప్పుతుంటే చెవులు రిక్కించి, "మూడో గేరు సరిగ్గా పడలేదే తల్లీ," అనేవాడట. స్టీరింగు మీద ఆయన బొటనవేలు ఆనే చోట చిన్న నొక్కు పడిపోయింది. మా తోటికోడలు తోలేటప్పుడు దీని వేలు సరిగ్గా ఆ నొక్కులోకే పోతుంది.

మా మరిది ఆ బండి మీద, రాత్రిపూట బేకరీ రొట్టెలు అవతలి ఊరికి చేర్చే పని పట్టాడు. దారి ఆ ఎత్తు మీదుగానే.

అంతకుముందు చుక్క కార్చని బండి... ఆ దారిన పడ్డాక కారడం మొదలెట్టింది. షెడ్డులో నేలంతా నల్లబడింది. ఊళ్ళో మెకానిక్కు వచ్చాడు. ఆయన్ని అందరూ ఇంజను డాక్టరంటారు, ఏ కాలేజీలో చదివాడో మరి. ఇంజను మీది మూతకు ప్యాకింగు మార్చాడు. కారింది. ఆయిలు ఆపే రబ్బరు సీళ్ళు మార్చాడు. కారింది. మళ్ళీ కొత్త ప్యాకింగు వేసి, గోడకు సున్నం కొట్టినట్టు చుట్టూ గమ్ము పట్టించాడు. ఇంకా బాగా కారింది.

చివరికి డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించి, "చెల్లెమ్మా... మనిషి చేయగలిగిందంతా అయిపోయింది. ఇది ఎత్తు మీది వాడి పని," అన్నాడు.

"అలాగా అన్నయ్యా? మరి ఆ గమ్ము మీరే పూశారా, వాడొచ్చి పూశాడా?" అంది ఇది.

మా మరిది మాత్రం నీరుగారిపోయాడు. ప్రతి రాత్రీ ఆ ఇంటి ముందు పుల్ల లాగడం, తగ్గిందని వణకడం, పై గీత దాకా నింపడం, గడపకు అభిషేకం చేయడం. "ఇంటి దగ్గర ఒకసారి చూడొచ్చుగా?" అంటే, "పెద్ద పెద్ద డ్రైవర్లంతా అక్కడే చూస్తారు, నీకేం తెలుసు?" అనేవాడట.

ఒక సాయంత్రం అన్నం కంచంలోకి చూస్తూనే చెప్పేశాడు. "తుక్కు వ్యాపారితో మాట్లాడాను. పొద్దున వచ్చి తీసుకుపోతాడు."

"తీసుకుపోయి?"

"కోస్తాడు... ఇనుము కింద."

దీని చేతిలో గరిటె అలాగే ఆగిపోయిందట. "మా నాన్న బండిని కోస్తారా?"

"అది ఇప్పుడు మీ నాన్న బండి కాదే. వాడు పట్టిన బండి."

ఇది గరిటె గిన్నెలో పెట్టేసిందట. తర్వాత కొంగు బిగించింది. "ఈ రాత్రి నేను తోలతాను. మీరు పక్కన కూర్చోండి. ఆ తాగుబోతు మొహమేదో నేనూ చూడాలి."

రాత్రయింది. వెనకనుంచి వేడి రొట్టెల వాసన... ముందునుంచి మాడిన ఆయిలు వాసన. ఎత్తెక్కుతుంటే, బానెట్ సందుల్లోంచి ఏదో లేచింది. తెల్లగా... సన్నగా... అద్దం మీదికి పాకింది.

"వచ్చాడు," అని గొణిగాడు మా మరిది.

"వేడి గొట్టం మీద ఆయిలు పడి పొగొస్తోంది. ఎప్పుడైనా వంటింట్లోకి తొంగిచూసుంటే తెలిసేది."

ఇంటి ముందు ఆపింది. ఆ బండికి హ్యాండ్ బ్రేకు ఉందంటే ఉంది. గడప పక్కన ఒక రాయి పడుంటుంది, ఆగిన ప్రతివాడూ వాడేది అదే. మా మరిది దాన్నే తెచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. ఇది ఇంజను ఆపింది. వెలిగే ఆ ఒక్క లైటూ అలాగే ఉంచింది.

గాలి లేదు. పురుగు చప్పుడు లేదు.

ట...ప్.

ట...ప్.

బండి కిందినుంచి.

మరిది పుల్ల లాగాడు. టార్చి వెలుగులో చూస్తే... ఆయిలు కింది గీతకు కూడా అందలేదు.

"చూశావా..." పుల్లను దీని కళ్ళ ముందు పెట్టాడు.

"చూశాను. ఇప్పుడు తాగినవాణ్ణి చూస్తా," అని టార్చి లాక్కుని, ఇది గడప దాటింది. లోపల పగిలిన పెంకులు. ఖాళీ ఆయిలు డబ్బాలు. గోడ మీద ఎవరిదో నల్లటి అరచేతి ముద్ర... మన భక్తుల్లో ఒకడిదే అయ్యుంటుంది.

"ఏరా, ఉన్నావా?" అని గట్టిగానే అడిగిందట. "ఉంటే ముందుకు రా! ఊరిమీది ఆయిలంతా తాగి దాక్కుంటావేంరా?"

జవాబు లోపలినుంచి రాలేదు.

బయటినుంచి వచ్చింది.

కర్ర్...ర్...

గిరుక్కున తిరిగింది. బండి కదులుతోంది. స్టీరింగు ముందు ఎవరూ లేరు. బానెట్ నోరు తెరుచుకుని, వెలుగుతున్న ఒంటికన్నుతో ఇటే చూస్తూ... వెనక్కి, వెనక్కి, వాలులోకి.

అంత నోరున్న మనిషి! "నాన్నా!" అని కేకపెట్టిందట. చెప్పులు వదిలేసి పరుగెత్తింది. అందలేదు. బండి వంకరటింకరగా దిగిపోయి, దిగిపోయి... అడుగున రోడ్డు చదునైన చోట, మట్టిగట్టుకు వీపు ఆనించి, ఒక్క కుదుపుతో ఆగింది.

ఇది వెళ్ళి బానెట్ మీద రెండు చేతులూ వేసి నిలబడింది. ఏడ్చిందో లేదో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

కాసేపటికి మా మరిది దిగివచ్చాడు, ఆయిలు డబ్బాను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని. "ఇంకేం మిగిల్చుంటాడు..." అని గుసగుసగా అన్నాడు. "చుక్క కూడా ఉండదు. చూడు..."

ఇది పుల్ల తుడిచి, దించి, పైకి లాగింది.

టార్చి వేసింది.

కింది గీత... తడి. పై గీత... తడి. దాని మీద ఇంకా వేలెడు మేర... నల్లగా, నిగనిగలాడుతూ, తడి.

ఇది మళ్ళీ తుడిచి, దించి, లాగింది... అదే తడి.

"కక్కేశాడు," అన్నాడు మా మరిది చివరికి. "నువ్వు తిట్టావుగా... తాగిందంతా కక్కేశాడు."

ఇది మొగుడి వైపు చూడలేదు. కాళ్ళ కింది చదును నేల చూసింది. ఎత్తు చూసింది. ఎక్కి కూర్చుని బండి పైకి పోనిచ్చింది. ఇంటి ముందు ఆపి, ఈసారి బండి గేరులో పెట్టి దిగింది. పుల్ల లాగింది. అడుగంటింది! రివర్సులో కిందికి దించింది. పుల్ల లాగింది. పొంగిపొర్లుతోంది! మళ్ళీ పైకి. మళ్ళీ కిందికి. జుట్టు ఊడి మొహం మీద పడింది, చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. అప్పుడు మొదలైందట నవ్వు... తెరలు తెరలుగా, కడుపు పట్టుకుని, ఆ ఎత్తంతా ప్రతిధ్వనించేలా.

అర్థం కాలేదూ? గిన్నె వంచితే నీళ్ళన్నీ ఒక పక్కకు పోవూ? బండి మూతి పైకెత్తి నిలబడితే ఆయిలు ఇంజను వెనక్కి జారుతుంది. పుల్లేమో ముందువైపుంది. తగ్గినట్టు కనిపిస్తుంది. వీళ్ళు పోస్తారు. పట్టేదానికన్నా ఎక్కువ పోస్తే ఇంజను ఎక్కడ దాచుకుంటుంది? కొత్త సీళ్ళయినా సరే, తోసుకుని బయటికి కక్కుతుంది. కక్కింది గనక మర్నాడు అక్కడ మళ్ళీ తగ్గుతుంది. మళ్ళీ పోస్తారు! ఇక ఆ రాయి... గడప మీద పోసిన నైవేద్యమంతా పక్కకు కారి దానికి పట్టింది. సబ్బుబిళ్ళలా జారిపోయింది. బండిని తోసింది వీళ్ళ భక్తే!

అంతమంది డ్రైవర్లు. ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా, ఆ పుల్లను చదును నేల మీద లాగి చూశాడా? దేవుడు అంత శ్రద్ధగా మనిషికి తలకాయ చేసిచ్చింది జుట్టు దువ్వుకోవడానికా?

ఇది అక్కడే బండి కింద దూరి నట్టు వదులు చేసి, మించిన ఆయిలంతా డబ్బాలోకి దింపేసింది. రొట్టెలు చేర్చారు. ఇంటికొచ్చి షెడ్డులో ఇంజను కింద ఒక తెల్ల అట్ట పరిచి, దాని పక్కనే కూర్చుంది. బాగా పొద్దెక్కింది. అట్ట మీద మచ్చ పడలేదు. లేచి, తలంటుకుందామని లోపలికి పోయింది.

అప్పుడొచ్చాడు తుక్కు వ్యాపారి. మనిషి మొహాన నెత్తుటి చుక్క లేదు. వాకిట్లో కూలబడి, "తమ్ముడూ, మంచినీళ్ళు," అన్నాడు.

"ఏమైందన్నా?" అన్నాడు మా మరిది.

"చీకటుండగానే రావలసినవాణ్ణి... ఆ ఎత్తు దగ్గర చూశాను తమ్ముడూ. ఈ కళ్ళతో చూశాను. ఇన్నాళ్ళూ మగదెయ్యం అనుకున్నాం. కాదు... ఆడది!" గొంతు దిగిపోయింది. "బండిని పైకెక్కిస్తుంది... వెనక్కి దించుతుంది... మళ్ళీ ఎక్కిస్తుంది. జుట్టు విరబోసుకుని, నల్లటి చేతులు... నవ్వుతోంది తమ్ముడూ, ఒకటే నవ్వు! లారీ తిప్పుకుని చుట్టుదారిన పడొచ్చాను."

మా మరిది చెప్పబోయాడు. నోరు తెరిచాడు... షెడ్డు వైపు చూశాడు. వ్యాపారి లారీ వెనక వేలాడుతున్న లాగుడు గొలుసు చూశాడు. నోరు మూసుకున్నాడు. వాడి జన్మలో చేసిన తెలివైన పని అదొక్కటే.

"ఏం బండన్నా అది?" అన్నాడు మెల్లగా.

"పికప్పు. పాతది. ఒక లైటు గుడ్డిది..." అంటూ వ్యాపారి తలెత్తాడు. షెడ్డులో బండి కనిపించింది. ఒక లైటు గుడ్డిది.

అప్పుడే మా తోటికోడలు బయటికొచ్చింది... తలంటుకున్న జుట్టు ఇంకా ముడి వేయలేదు, ఎంత తోమినా మోచేతుల నలుపు వదల్లేదు. చేతిలో నీళ్ళ గ్లాసు. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఇదుగో నీళ్ళు, అన్నయ్యా. బండి తీసుకెళతారా మరి?"

వ్యాపారి ఒక్క గెంతులో లారీ ఎక్కాడు. వీధి మలుపు తిరిగేదాకా లారీ తలుపు మూసుకోనేలేదట.